ఆవు పిండాల ప్రయోగశాల ఉత్పత్తి

ఆవు అండాన్ని శరీరం వెలుపల, ప్రయోగశాలలో ఫలదీకరింపజేసి పిండంగా పెంచే విధానాన్ని బాహ్య ఫలదీకరణం అంటారు. ఈ విధానంలో తొలి దూడ 1981లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధనల ఫలితంగా జన్మించింది.

విధానం: అండాశయం నుండి సేకరించిన అండాలను సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు 24 గంటలు పక్వపరచి, వీర్యకణాలతో కలుపుతారు. హెపారిన్ అనే పదార్థం వీర్యకణాలకు ఫలదీకరణ సామర్థ్యాన్ని కలిగిస్తుంది. పిండాలు 7-8 రోజులకు బ్లాస్టోసిస్ట్ దశకు చేరుకుంటాయి.

మెరుగుదల: సాధారణంగా అండాలలో మూడింట ఒక వంతు మాత్రమే ఈ దశకు చేరతాయి. పెంపక వాతావరణంలో ఆక్సిజన్‌ను 20 నుండి 5 శాతానికి తగ్గిస్తే, అది అండవాహికలోని స్థితికి దగ్గరై ఫలితం మెరుగవుతుంది. సీరం కలిపితే పిండాలు త్వరగా ఎదుగుతాయి. కానీ కొన్ని దూడలు అతి పెద్దవిగా పెరిగి, ప్రసవం తల్లికీ దూడకూ ప్రమాదకరమవుతుంది. అందువలన పిండాల సంఖ్యతో పాటు నాణ్యత కూడా ముఖ్యము.