జమునా నౌక

1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడిన సంగతి మన యిండ్లలో నేటికిని చెప్పుకొనుచున్నారు. కాని 1944 ఫిబ్రవరి 11న అదే పట్టణమునకు దక్షిణముగా, తీరమునకు సమీపముననే, సముద్రముపై జరిగిన పోరు నెరిగినవారు మాకు మిక్కిలి అరుదుగా కానవచ్చిరి. ఆ పోరున పాల్గొన్న యోడలలో నొకటి భారత నౌకాదళమునకు చెందిన జమున.

స్కాట్లండులోని డంబార్టన్ పట్టణమున డెన్నీ కంపెనీవారు దీనిని నిర్మింపగా, 1941 మే నెలలో కొలువున ప్రవేశించెను. ఇట్టి వోడలకు మన నదుల పేర్లే పెట్టిరి: సట్లెజ్, జమున, నర్మద, గోదావరి, కృష్ణ, కావేరి. నాలుగంగుళముల ఫిరంగులు ఆరు దీనికి గలవు. వేగము స్వల్పము. శత్రునౌకలను వెదకి తరుముటకై పుట్టినది గాదు; సరకుల యోడల బిడారునకు కాపుండి, వానిని రేవు చేర్చుటయే దీని పని. 1942 ఆరంభమున సింగపూరు, జావా దిక్కులకు పోవు ఓడలను కాచెను. 1943 జూలైలో సిసిలీ దండయాత్రలో పనిచేసెను.

ఆ ఫిబ్రవరిలో కొలంబోనుండి కలకత్తాకు పోవు ఓడలకు జమునయు, లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ అను ఆస్ట్రేలియా నౌకలును తోడుగా నడచుచుండెను. రో-110 అను జపాను జలాంతర్గామి ఆస్ఫాలియన్ అను సరకుల యోడను టార్పెడోతో కొట్టెను. ఆ యోడ గాయపడెనే కాని మునుగలేదు. కాపునౌకలు వెంటనే వెదుకసాగెను. నీటిలోనికి ధ్వనిని పంపి, దేనికైన తగిలి మరలివచ్చు ప్రతిధ్వనినిబట్టి శత్రువు ఉనికిని కనిపెట్టుట వారి విధానము. చెవి యొగ్గి కూర్చున్నవాని యోర్పుపైననే సర్వమును ఆధారపడును. జాడ తెలియగనే, నిర్ణీతమైన లోతున పేలు బాంబులను జారవిడిచిరి. రో-110 మునిగెను, అందలి వారెవ్వరును బ్రతుకలేదు. వారును తల్లులు గన్నవారే.

ముంచిన యోడలను లెక్కించుట చరిత్రకారులకు సులభము. నిరపాయముగా రేవు చేరిన దినములను ఎవరు లెక్కింతురు? కాపునౌక జీవితమంతయు అట్టి దినములతోడనే నిండియుండును. మా యభిప్రాయమున జమున యొక్క ఘనత ఆ యొక్కనాటి జయముకంటె, ఏమియు జరుగని ఆ రాత్రులయందే హెచ్చుగా నున్నది.

అట్లు మేల్కాంచిన కళాసీలకు దక్కిన దేమి? పుచ్చినబియ్యపు టన్నము, తెల్ల యధికారుల దూషణము, తక్కువ జీతము. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ శిక్షణాలయమున నావికులు తిరుగబడుటకు ఇవియే కారణములు. ఆ తిరుగుబాటు విశాఖపట్టణమువరకును వ్యాపించెను. యుద్ధచరిత్ర గ్రంథములలో ఈ రెండు సంగతులను వేర్వేరు ప్రకరణములుగా వ్రాయుట మాకు సరిపడదు. ఓడలు అవియే, మనుష్యులును వారే.

దేశవిభజనతోపాటు నదులపేర్లు గల నౌకలును పంపకమాయెను. గోదావరి పాకిస్తానుకు పోయి సింధ్ అయ్యెను! జమున మనకు మిగిలెను. తరువాత ఫిరంగులు తీసివేసి దానిని సముద్రపు లోతులు కొలుచు నౌకగా మార్చిరి. శత్రువునకై నీటిలోనికి ధ్వని పంపిన యోడయే, మన తీరమున ఎచ్చట ఎంత లోతు గలదో, ఎచ్చట ఇసుకతిన్నెలు గలవో తెలిసికొనుటకై మరల ధ్వని పంపుచు, పెక్కేండ్లు మెల్లగా తిరిగెను.