లాభం... రెండు... మూడు...

జనవరి నెల. రాత్రి రెండు దాటింది. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో, పాత గాల్ట్ పేటలో మా చెల్లి ఇల్లు. కిటికీ బయట మంచు కురుస్తోంది. తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద వెళ్లిన మా అమ్మకు ఇంకా అక్కడి నిద్ర అలవాటు కాలేదు. పక్కలో నాలుగేళ్ల మనవడు నోరు తెరుచుకుని, మెడ వెనక్కి విరుచుకుని గుర్రు పెడుతున్నాడు.

ఆదమరిచి నిద్రపోతున్నాడనుకుంది అమ్మ. ఇంతలో గురక ఆగింది.

పొట్ట ఎగిసిపడుతూనే ఉంది. గొంతు కింద గుంట లోతుగా పడుతోంది. గాలి మాత్రం ఆడటం లేదు. అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆమెకు తెలియకుండానే నోట్లో లెక్క మొదలైంది. కళ్లంలో వడ్లు కొలిచిన మనిషి, ఒకటి అనడం ఆమెకు రాదు. "లాభం... రెండు... మూడు..." పదకొండు దగ్గర వాడు ఉలిక్కిపడి, చెరువులో మునిగి తేలినట్టు గాలి లాక్కున్నాడు. జుట్టంతా చెమట. బయట చూస్తే మంచు.

"అమ్మాయ్, లే. వీడు నిద్రపోవడం లేదే, నిద్రలో కుస్తీ పడుతున్నాడు."

అమ్మా, చెల్లీ చెప్పినవన్నీ కూర్చి ఇది రాస్తున్నాను. వాళ్లిద్దరూ ఒకే చోట ఏడ్చారు, ఆ పదకొండు దగ్గర.

అప్పటిదాకా దేనికదే విడి సమస్య అనుకున్నారు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. పొద్దున్నే తలనొప్పి అంటాడు. ఏడాదిగా చొక్కాల సైజు మారలేదు. కుదురుగా కూర్చోడని బడి నుంచి కబురు. పెద్దవాళ్లకు నిద్ర చాలకపోతే తూగుతారు. పిల్లలు చాలామంది అలా తూగరు, చిందులేస్తారు. అల్లరి అని తిట్టిన ప్రతి తిట్టూ ఇప్పుడు చెల్లిని గుచ్చుతోంది.

మర్నాడు రాత్రి ఫోన్‌లో వీడియో తీశారు. ఫ్యామిలీ డాక్టరు అది చూసి ప్రత్యేక వైద్యుల దగ్గరకు రాసిచ్చారు. ఒంటినిండా తీగలు అంటించి రాత్రంతా నిద్ర పరీక్ష చేశారు. పెద్దవాళ్లలో పది సెకన్లు ఊపిరి ఆగితేనే లెక్కలోకి తీసుకుంటారు. పిల్లల్లో రెండు శ్వాసలు తప్పినా చాలు. గంటకు ఒకసారికి మించి ఆగితే మామూలు కాదు. మావాడి టాన్సిల్స్, ముక్కు వెనక ఎడినాయిడ్స్ రెండూ ఉబ్బి ఉన్నాయి. మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు దారి తెరిచి ఉంచుతాయి, నిద్రలో అవి సడలితే దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు బెదిరి లేపుతుంది. రాత్రంతా ఇదే తంతు. ఏళ్ల తరబడి సాగితే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుని గుండె కుడివైపు భారం పడుతుంది. టాన్సిల్స్ వల్లే గుండె దెబ్బతిన్న పిల్లల గురించి 1965లోనే అమెరికా వైద్యులు రాశారు. పసికందుల్లో చిన్న దవడ, అంగిలి చీలిక కూడా కారణం కావచ్చు. డౌన్ సిండ్రోమ్ పిల్లలకైతే లక్షణాలు కనిపించకపోయినా నాలుగేళ్లలోపు నిద్ర పరీక్ష చేయించమంటారు.

ఆ ప్రత్యేక వైద్యుల కోసం హామిల్టన్ వెళ్లే దారిలో డండస్ వస్తుంది. ఆధునిక వైద్యవిద్యకు దారి చూపిన విలియం ఆస్లర్ పెరిగిన ఊరు. టాన్సిల్స్ పెరిగిన పిల్లలకు నిద్రలో ఊపిరి ఆగడం, ఆపైన పెద్ద చప్పుడుతో తిరిగి రావడం, పగలు మందకొడిగా ఉండటం, అన్నీ ఆయన 1892లో తన గ్రంథంలో వర్ణించాడు. అయినా ఇవాళ్టికీ మన ఇళ్లలో పిల్లాడి గురక విని మురిసిపోతున్నాం.

డేవిడ్ గొజాల్ అనే వైద్యుడు, 1998లో ప్రచురించిన అధ్యయనం కోసం, అమెరికాలో ఒకటో తరగతిలో బాగా వెనకబడిన 297 మంది పిల్లల్ని పరీక్షించాడు. 54 మందికి నిద్రలో ఊపిరి ఇబ్బంది ఉంది. వాళ్లలో టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసేసే ఆపరేషన్ చేయించుకున్న 24 మందికి మరుసటి ఏడాది మార్కులు పెరిగాయి. మిగతావాళ్లకు పెరగలేదు. ఆ పరిశోధన వ్యాసం నేనే చెల్లికి పంపాను.

మావాడికీ ఆ ఆపరేషన్ జరిగింది. మందుల దగ్గర మాత్రం చెల్లి గట్టిగా నిలబడింది. 2009లో టొరంటో వైద్యులు ప్రచురించిన కేసు ఆమె చదివి ఉంది. ఇదే జబ్బుకు ఇదే ఆపరేషన్ అయిన రెండేళ్ల బాబుకు నొప్పికి కోడీన్ ఇచ్చారు. కొందరి ఒంట్లో అది చాలా వేగంగా మార్ఫిన్‌గా మారుతుంది. ఆ బాబు మూడో రోజు తెల్లారేసరికి లేడు. 2013లో కెనడా ఆరోగ్యశాఖ పన్నెండేళ్లలోపు పిల్లలకు కోడీన్ వాడవద్దంది. "మరి ఇందులో అది లేదుగా డాక్టర్?" అని మూడుసార్లు అడిగిందట. లేదని ఆయన మూడుసార్లూ ఓపిగ్గా చెప్పారట.

వాపు తగ్గేదాకా వారం రోజులు గురక ఇంకా పెరిగింది. ఆ వారం అమ్మ కుర్చీలోనే తెల్లవార్లూ కూర్చుంది.

పదమూడో రాత్రి గదిలో చప్పుడే లేదు. ఆ నిశ్శబ్దానికే ఆమెకు మెలకువ వచ్చింది. గుండె ఝల్లుమంది. చీకట్లో తడుముకుంటూ వెళ్లి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టింది. నోరు మూసుకుని పడుకున్నాడు.

"లాభం..."

రెండు అనకముందే వేలికి వెచ్చగా ఊపిరి తగిలింది.