బీల పాటకు కవి ఎవరు?

ఉత్తరాంధ్ర ఉద్యమ గీతాల చరిత్ర రాసేటప్పుడు మనం సాధారణంగా ఒక వరస పాటిస్తాం. నరసన్నపేట ప్రాంతపు గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనాన్ని 'మాకొద్దు' అన్నాడు. బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను రైతాంగ పోరాటానికి తెచ్చాడు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఆ యాసకే కొత్త నడక నేర్పాడు. అందరూ మగవాళ్లే. 1969 డిసెంబర్ 22న పాణిగ్రాహితో పాటు పంచాది నిర్మలనీ కాల్చి చంపారు. ఆయన కవిగా చరిత్రకెక్కాడు, ఆమె పాటల్లో వస్తువుగా మిగిలింది. ఈ తేడా మనల్ని ఇబ్బంది పెట్టాలి.

వంగపండు యంత్రం పాట నాకిష్టం. షిప్‌యార్డులో పనిచేసిన మనిషి కనుక యంత్రం కార్మికుడి చెమటతోనే నడుస్తుందని ఆయనకు తెలుసు. యంత్రం చెడ్డది కాదు, అది ఎవరి చేతిలో ఉందన్నదే అక్కడ ప్రశ్న. సోంపేటకు వచ్చేసరికి ప్రశ్నే మారిపోయింది. అక్కడ బీల నేలల్లో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2640 మెగావాట్ల థర్మల్ కేంద్రం తలపెట్టింది. ప్రభుత్వ కాగితాల్లో బీల బంజరు. ఆడవాళ్లకది చేపలు, పశువుల మేత, దిగువ పొలాలకు తడి. బొగ్గుతో నడిచే కేంద్రం కార్మికులదైనా బూడిద బూడిదే కదా!

2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. మనుషులు చనిపోయాక, అదే నెలలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. అక్కడివి తంపర భూములు. కంపెనీ పేరు ఈస్ట్‌కోస్ట్ ఎనర్జీ. మెగావాట్లు మాత్రం అవే 2640.

ఈ రెండుచోట్లా ఆడవాళ్లు ముందు నిలబడ్డారు. మరి వాళ్ల పాట? నేను విన్నవాటిలో చాలావరకు ఊడుపు పాటల బాణీలే. పాత చరణంలో మొగుడి మీదో, అత్త మీదో ఉన్న ఎత్తిపొడుపును కంపెనీ మీదికి మళ్లించారు. పాట కొత్తది కాదు, తిట్టు చిరునామా మారిందంతే. (ఈ తిట్లను అచ్చువేసే సంకలనకర్తలు సగం తీసేస్తారు. 'మర్యాద' కోసం!) ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు, మధ్యలో ఎవరో మాట మారుస్తారు. అలాంటప్పుడు కవి ఎవరని అడిగితే వాళ్లు నవ్వారు. 'అందరివీ' అన్నారు.

సంకలనాల్లో ఇలాంటివాటి కింద 'అజ్ఞాత కవి' అని వేస్తారు. పాడినవాళ్లు ఎదురుగా కూర్చునుంటే అజ్ఞాతం ఎలా అవుతుంది? నా పట్టికలో 'కవి' అన్న గడి కొట్టేసి 'ఏ పని చేస్తూ పాడారు' అని రాసుకున్నాను. మొదటి పేజీలోనే ఊడుపు, కలుపు, మేతకోత, ధర్నా వరసగా వచ్చాయి.