రహస్య విమానములు - ఒక ఇంటి జ్ఞాపకము



శతవార్షికోత్సవ సమయములో గుడులు, బడులు, ఆసుపత్రుల చరిత్ర వ్రాసుకొనుట ఎంతో ఉచితము. అయితే మన కుటుంబముల చరిత్ర కూడ సంఘ చరిత్రలో భాగమే గదా! రామగుండం ప్రాంతములో బొగ్గు గనులు 1960 ప్రాంతమున మొదలైన తరువాత మనలో అనేకుల పెద్దలు ఇతర ఊళ్ళ నుండి వచ్చి గోదావరిఖనిలో స్థిరపడినారు. వారు తెచ్చుకొన్న ఇనుప ట్రంకు పెట్టెల అడుగున ఏ కాగితములు ఉన్నవో మనము తీసి చూచుట అరుదు.

మా తాతగారి తమ్ముని మేము చిన్నతాత అని పిలిచేవారము. ఆయన రెండవ ప్రపంచ యుద్ధములో బర్మా మీదికి రాత్రిపూట రహస్య విమానము నడిపిన పైలట్ అని మా ఇంట మూడు తరములుగా చెప్పుకొనుచున్నారు. ఆయన మాత్రము ఆ సంగతి ఎన్నడు నోరు విప్పి చెప్పలేదు. ఈ మాట ఎంతవరకు నిజమో తెలిసికొనవలెనని మేము పూనుకొన్నాము.

మొదటి ప్రశ్న: అటువంటి విమానములు నిజముగా ఉండెనా? ఉండెను. జపాను సేనలు 1942లో బర్మా, మలయా దేశములను ఆక్రమించినవి. అదే సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన మన విశాఖపట్నము, కాకినాడల మీద కూడ బాంబులు పడినవి. శత్రువు వెనుక ప్రాంతములలో గూఢచారులను దింపి, అక్కడి ప్రజల సహాయముతో పోరాడుటకు బ్రిటిషువారు ఒక రహస్య సంస్థను నడిపినారు. 1944 నుండి దానికి ఫోర్స్ 136 అని పేరు. ఆ మనుష్యులను, తుపాకులను, వైర్‌లెస్ పెట్టెలను చేరవేయుటకు ప్రత్యేక స్క్వాడ్రన్లు ఏర్పడినవి. 357వ స్క్వాడ్రన్ 1944 ఫిబ్రవరిలో బెంగాలులోని దిగ్రీలో ఏర్పడినది. 358వ స్క్వాడ్రన్ అదే సంవత్సరము నవంబరులో కోలారులో ఏర్పడి, తరువాత బెంగాలుకు తరలినది. కోలారు అనగా తెలుగువారు ఎందరో బంగారు గనులలో చెమటోడ్చిన సీమ.

మద్రాసుకు ఉత్తరమున రెడ్ హిల్స్ చెరువు ఉన్నది. 357వ స్క్వాడ్రన్‌లోని ఒక భాగమును వేరుచేసి 1944 మార్చిలో అక్కడ 628వ స్క్వాడ్రన్‌గా ఏర్పరచినారు. అది అక్టోబరు వరకు మాత్రమే నిలిచినది. దాని విమానములు కాటలినాలు. వాటి పొట్ట పడవవలె ఉండును. నీటి మీదనే వాలి, నీటి మీదనుండే లేచును. చీకటిలో శత్రు తీరమునకు చేరి మనుష్యులను దింపి తిరిగి వచ్చుటకు అవి తగినవి. కాటలినా ఇరవై గంటలకు పైగా ఆకాశములో నిలువగలదు.

రెండవ ప్రశ్న: చిన్నతాత అందులో ఏమి చేసినారు? ఆయన పెట్టెలో సర్వీసు పుస్తకము, రెండు పతకములు దొరికినవి. ఒక పతకము మీద రెండు తలల మృగమును త్రొక్కి నిలిచిన సింహము ఉన్నది. అది యుద్ధ పతకము. రెండవ దానిమీద భారతదేశ పటము ఉన్నది. అది ఇండియా సర్వీసు పతకము, అనగా మన దేశములోనే మూడేండ్లు సేవ చేసిన వారికి ఇచ్చినది. బర్మా స్టార్ లేదు. శత్రువు మీదికి ఒక్కసారి విమానములో పోయి వచ్చిన సిబ్బందికైనను ఆ స్టార్ లభించేది. పైలట్ అయినచో బేగంపేటలోని ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల వంటి చోట నేర్చుకొనిన గుర్తు కూడ ఉండవలెను. అదియు లేదు. సర్వీసు పుస్తకములో ఉన్నవి రెండు మాటలు: రెడ్ హిల్స్, రిగ్గర్.

రిగ్గర్ అనగా విమానపు శరీరమును, రెక్కలను, వాటిని త్రిప్పు తీగలను పరీక్షించి సరిచేయు పనివాడు. కాటలినాలో ఒక అతుకు వదులైనను, ఒక తీగ తెగినను, నడిసముద్రములో రక్షించువారు లేరు.

మరి "రాత్రి విమానములు" అను మాట ఎక్కడిది? మా ఇంటి పెద్దలు వరంగల్లు పేరు కూడ ఈ కథలో చేర్చి చెప్పేవారు. అది బర్మా యుద్ధము నాటిది కాదు, 1948 నాటిది. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా పైలట్ 1939లో తన విమానములో కెమెరాలను దాచి జర్మనీని రహస్యముగా ఫోటోలు తీసినవాడు. అతడే 1948లో కరాచీ నుండి బీదరు, వరంగల్లులకు విమానములలో నిజాము ప్రభుత్వము కొరకు ఆయుధములు తరలించినాడు. సెప్టెంబరు 13న భారత సైన్యము హైదరాబాదు రాజ్యములో ప్రవేశించిన తరువాత ఆ రాకపోకలు ముగిసినవి. ఇట్లు రెండు కాలముల సంగతులు మా ఇంట ఒకే కథగా అల్లుకొన్నవి. సంవత్సరములు వేరుచేసి చూచినప్పుడు చిక్కుముడి విడినది.

ఈ సంగతి చెప్పినప్పుడు మా బంధువులలో కొందరు చిన్నబోయినారు. "పైలట్ కాదా? మరి ఇన్నాళ్ళు చెప్పుకొన్నది?" అన్నారు. వారికి మేము గనిని చూపినాము. లాంప్ రూంలో దీపము ఇచ్చువాడు, పైకప్పుకు దిమ్మెలు నిలిపే టింబర్‌మన్, పంపు ఖలాసీ లేనిదే బొగ్గు నింపువాడు షిఫ్టు ముగించి క్షేమముగా పైకి రాగలడా? మనమందరము ఎరిగిన సత్యమే ఇది. చిన్నతాత పరీక్షించిన తీగల మీద ఎందరి ప్రాణములో వ్రేలాడినవి. ఎక్కడికి పోవుచున్నదో అడుగరాని విమానమును సిద్ధపరచి, తెల్లవారువరకు నీటి వైపు చూచుచు నిలిచినవాని సేవ తక్కువది కాదు. ఆయన మౌనము కూడ ఆ సేవలో భాగమే. యెరికోకు పోయిన వేగులవారి పేర్లు యెహోషువ గ్రంథములో లేవు గదా! అయినను వారి పని నిలిచినది.

మీ ఇండ్లలో ఇటువంటి కథలు ఉన్నవారికి మా సలహా ఇది. మొదట వృద్ధులను అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు తేదీతో వ్రాసికొనుడి. తరువాత పతకముల అంచులు చూడుడి. భారత దళములవారికి ఇచ్చిన వాటిమీద సాధారణముగా సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉండును. ఆ నంబరుతో ఢిల్లీ సుబ్రతో పార్కులోని వైమానిక దళ రికార్డుల కార్యాలయమునకు వ్రాయవచ్చును. స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకములు లండనులోని క్యూ వద్ద జాతీయ భాండాగారములో ఉన్నవి. రహస్య సంస్థ కాగితములు అనేకము 1990ల నుండి అక్కడనే తెరువబడినవి. సమాధి లేక మరణించిన వైమానికుల పేర్లు సింగపూరులోని క్రాంజి స్మారకము మీద చెక్కబడి ఉన్నవి.

దొరికినది మీరు ఆశించినంత గొప్పగా లేకపోవచ్చును. అయినను దానినే పిల్లలకు చెప్పుడి. మా ఇంట ఇప్పుడు చిన్నతాత ఫోటో క్రింద "రిగ్గర్, రెడ్ హిల్స్" అని వ్రాసి పెట్టినాము.