లేసు సూది మన చేతిలో, లెక్క ఎవరి చేతిలో?

నరసాపురం లేసు అంటే విదేశాల్లో కూడా పేరుంది. ఆ పేరు తెచ్చిన చేతులు మాత్రం లెక్కలో లేకుండా చాలాకాలం ఉండిపోయాయి. ఈ నివేదికలో అదే రాయాలనుకున్నాము.

పంతొమ్మిదో శతాబ్దంలో గోదావరి డెల్టాకు వచ్చిన క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి పేద ఆడవాళ్ళకు ఈ అల్లిక నేర్పారు. తర్వాత వ్యాపారులు దిగారు. కూలికి వెళ్తే పరువు పోతుందనుకునే రైతుల ఇళ్ళలోకి కూడా సూది, దారం వెళ్ళాయి. గడప దాటక్కర్లేదు కదా! అరుగు మీద అల్లిన బల్లగుడ్డలు, దిండు గలీబులు సముద్రాలు దాటాయి, అల్లినామె మాత్రం వీధి దాటలేదు.

ఏజెంటు దారం ఇచ్చేవాడు, ఎంత దారం అల్లితే అంత కూలి. ఒకామెది చేతిపని, అంటే పువ్వులు అల్లడం. ఇంకొకామెది అతుకుపని, ఆ పువ్వుల్ని కలపడం. పూర్తయిన సరుకు ఎంతకి అమ్ముడైందో ఇద్దరికీ తెలిసేది కాదు.

మరియా మీస్ అనే జర్మనీ పరిశోధకురాలు ఇక్కడికొచ్చి ఈ ఆడవాళ్ళతో మాట్లాడి, 1982లో పుస్తకం తెచ్చారు. ప్రపంచ మార్కెట్టుకు సరుకు చేస్తున్నవాళ్ళను కార్మికులు అనకుండా, తీరిక వేళ పనిచేసే గృహిణులు అంటున్నారు, అందుకే కూలి అంత తక్కువ అని ఆమె తేల్చారు. ఇప్పుడు మాత్రం? సర్వేకి వచ్చినవాళ్ళతో "మా ఆవిడ ఏమీ చేయదండి" అని ఇంటాయనే రాయిస్తాడు. ఆవిడేమో పక్కనే కూర్చుని అల్లుతూ ఉంటుంది.

డ్వాక్రా పథకం కూడా ఆ 1982లోనే మొదలైంది. మన రాష్ట్రంలో సంఘాలు ఊరూరా పెరిగింది 1990ల తర్వాతే. పొదుపు వల్ల చీరలు, గిన్నెలు వచ్చాయని కొందరు ఎగతాళి చేస్తారు. మాకు వచ్చింది వేరే. నిరుడు బ్యాంకు అప్పులో కొంత పెట్టి దారం మేమే కొన్నాం. ఏజెంటు రేటు చెప్పినప్పుడు, "మీటింగులో మాట్లాడుకుని చెప్తామండి" అన్నాం. ఈ మాట మా అమ్మల నోట ఎప్పుడూ వినలేదు. ఆయన రెండు రోజులాగి మళ్ళీ వచ్చాడు, రేటు కొంచెం పెంచాడు. కొంచెమే.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. మిషను లేసును ఆ పేరుతో అమ్మితే అడిగే హక్కు దానివల్ల ఉంటుంది. కానీ కూలి ఎంతో అది చెప్పదు. అందుకని ఏ వస్తువుకు ఎన్ని గంటలు పట్టిందో రాసే పుస్తకం ఒకటి మా సంఘంలో పెట్టాము. అందరం సంతకాలు చేస్తున్నాము. ఈసారి రేటు మాట్లాడేటప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకునే మాట్లాడతాము.