కొత్తల పండుగ, కాఫీ సంఘం

మన కలువాయి చుట్టుపక్కల కాఫీ చెట్టు కనబడదు. వెలిగొండల్లో ఆ చలి లేదు, ఆ ఎత్తూ లేదు. అయినా అరకు కాఫీ చరిత్రను మన యానాది పిల్లలు చదవాలని అంటున్నాం. అడవి సరుకు సేకరించే జనం ఆ సరుకు ధర గురించి నోరు తెరిచి అడిగే దాకా ఎట్లా వచ్చారో అందులో ఉంది.

కాఫీ పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. అక్కడ కాఫీ తాగడమే ఒక తంతు. ఇంటి ఆడవాళ్లు పచ్చి గింజలు అందరి ముందే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి మూడు వాయిలు పోస్తారు. మూడో వాయిని ‘బరక’ అంటారు. అంటే దీవెన. ఇరుగుపొరుగు తగవులూ కష్టసుఖాలూ ఆ కూజా చుట్టూనే మాట్లాడుకుంటారు. 17వ శతాబ్దంలో బాబా బుడాన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు.

మన తూర్పు కనుమలకు కాఫీ తెల్లదొరల కాలంలో వచ్చింది. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో వేయించాడని చరిత్ర. తర్వాత అది అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. 1960 నుంచి అటవీ శాఖ పెద్ద తోటలు పెంచింది. 1985లో ఆ తోటలు అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. ఆ తోటల్లో గిరిజనులు కూలీలు. చెట్టు తమ కొండ మీదిది, పండు కోసేది తమ చేయి, లెక్క రాసేది మాత్రం వేరొకరు.

పోడుకు బదులుగా కాఫీ వేసుకోమని పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు కుటుంబాలకు మొక్కలు ఇవ్వడంతో మార్పు మొదలైంది. కాఫీకి నీడ కావాలి. సిల్వర్ ఓక్, పనస, మామిడి కింద అది పెరుగుతుంది. నీడచెట్టుకు మిరియాల తీగ పాకిస్తారు. మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. నవంబరు నుంచి ఎర్రబడిన పండ్లను ఏరి ఏరి కోయాలి. అదే పూట గుజ్జు తీసి, కడిగి, ఎండబెట్టాలి. ఆలస్యమైతే పండు పులిసి రుచి పోతుంది. ఒక్క ఇల్లు చేసుకోలేని పని ఇది, నలుగురు చేయి వేయాల్సిందే.

ఆ నలుగురూ ఆ కొండల్లో ముందే ఉన్నారు. కొండదొర, బగత, వాల్మీకి, కోటియా, పోర్జ వంటి తెగల ఊళ్లలో పండుగే పొలం పనికి లెక్క. చైత్రమాసంలో ఇటుకల పండుగ చేస్తారు. ఇంటింటి విత్తనాలను ఊరి దేవత ముందు పెట్టి, పూజారి కలిపి పంచాక విత్తడం మొదలవుతుంది. మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు దారి అడ్డగించి పజోరు వసూలు చేస్తారు. పంట వచ్చినా ‘కొత్త’ చేయకుండా నోట పెట్టరు. కొర్రకు ఒక కొత్త, సామకు ఒక కొత్త, మామిడికి ఒక కొత్త ఉంటాయి. కాఫీ బయట నుంచి వచ్చిన పంట. అయినా పచ్చికాయ ముట్టకుండా పండే దాకా ఆగే ఓపిక ఆ ఊళ్లకు కొత్త కాదు. తొందరపడి కాయ దూసిన చోట సరుకుకు ధర రాదు.

సంతలో షావుకారు అప్పు ముందిచ్చి, తూకంలో తగ్గించి కొనేవాడు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కాఫీ కొనుగోలుకు దిగి ధర ముందే ప్రకటించడం మొదలుపెట్టాక రైతుకు అడిగే వీలు వచ్చింది. 2007లో నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయ సహకార సంఘం ఏర్పడింది. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2018లో అక్కడే బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు సుమారు లక్షన్నర గిరిజన కుటుంబాలు ఈ పంట మీద ఆధారపడ్డాయి.

ఇదంతా నిలబడింది నేల మీద. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1970 నాటి 1/70 చట్టం కాపలా కాసింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఆ కాపలాను గట్టిపరిచింది. నెల్లూరు జిల్లా షెడ్యూల్డు ప్రాంతం కాదు. మన యానాదులకు ఆ కంచె లేదు. నెల్లూరులో యానాదుల ఐటీడీఏ ఉంది గానీ, చాలా కుటుంబాలకు సొంత నేల లేదు. అరకును మెచ్చుకునేటప్పుడు ఈ తేడా మరవకూడదు.

అయినా మనకు తెలిసిన సరుకు ఉంది. తేనె, నన్నారి వేరు, మందు మొక్కలు మన పెద్దల చదువు. శ్రీహరికోట అడవిలో తేనె తీసిందీ వేర్లు తవ్విందీ మనవాళ్లే. ధర చెప్పింది ఎప్పుడూ ఇంకొకరే. పట్టులో పిల్లపురుగు ఉన్న భాగం వదిలి తేనె కోయడం, వేరు మొత్తం పెకలించకుండా కొంత మట్టిలో ఉంచడం మన పెద్దల నీతి. ఇవాళ కొనేవాడు నాణ్యత అని అడిగేది దాన్నే.

ఉపాధ్యాయ మిత్రులకు మా మాట ఇదే. లెక్కల పాఠంలో కిలో తేనె మనకెంతకు పోతోంది, నెల్లూరు అంగట్లో ఎంతకు అమ్ముడుపోతోంది అని పిల్లల చేత రాయించండి. మధ్యలో ఎవరికెంత పోతోందో వాళ్లే తీసివేత చేసి చెబుతారు. పది ఇళ్లు కలిసి ఒకే తూకం, ఒకే పుస్తకం పెట్టుకుంటే సంఘం మొదలైనట్టే. ఆ పుస్తకం మన పిల్లల చేతిరాతలో ఉండాలి.