కౌమారము: ఒక భావన చరిత్ర

"మొక్కై వంగనిది మానై వంగునా" యని మనలో ఒక సామెత కలదు. మనిషి చిన్ననాడే మలచబడునని, ఆ పిమ్మట మార్పునకు చోటు లేదని దాని తాత్పర్యము. సామెత మంచిదే. కాని మొక్కకును మానునకును నడుమ ఒక కాలము కలదు. పదునాలుగేండ్ల బాలుడు అద్దము ముందు గడియ సేపు నిలుచుట, నిన్నటివరకు నోరు మెదపని బాలిక నేడు తల్లి మాటకు ఎదురాడుట, ఈ కాలపు లక్షణములే. దీనిని ప్రత్యేకముగా పరిశీలించు శాస్త్రము పుట్టి నూట యిరువది యేండ్లకు పైబడినది. అంతే.

కౌమారమను మాట మాత్రము మనకు పాతది. అయితే పూర్వ వ్యాఖ్యాతలలో కొందరు ఐదేండ్ల లోపు వయస్సునే కౌమారమనిరి. పది మొదలు పదునైదు వరకు వారికి కైశోరము. నేడు మనము ఆ పాత పేరును కొత్త వయస్సునకు తగిలించి వాడుకొనుచున్నాము. పదహారేండ్ల కుమారుని మిత్రునివలె చూడవలెనని చెప్పిన మన పెద్దలకు ఈ వయస్సు స్వభావము తెలియదనుట సాహసము. తెలియుట వేరు, దానికొక శాస్త్రము కట్టుట వేరు.

ఆ శాస్త్రమునకు పునాది వేసినవాడు అమెరికా దేశస్థుడు స్టాన్లీ హాల్. ఈయన క్లార్క్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడు. 1904లో కౌమారమును గూర్చి రెండు పెద్ద సంపుటములు ప్రకటించెను. ఆ వయస్సు సహజముగానే తుపానువంటిదని ఆయన సిద్ధాంతము. మానవజాతి నడచి వచ్చిన దశలన్నియు ప్రతి బిడ్డ జీవితములోను మరల నడచునని కూడ ఆయన నమ్మెను. ఈ రెండవ మాట నిలువలేదు. మొదటి మాటను 1928లో మార్గరెట్ మీడ్ ప్రశ్నించెను. సమోవా ద్వీపముల బాలికలు ఏ తుపానును ఎరుగక పెద్దవారగుదురని ఆమె వ్రాసెను. ఆమె చూచినది సరి కాదని 1983లో డెరిక్ ఫ్రీమన్ వాదించెను. ఆ వివాదము చాల కాలము సాగినది. మనకు కావలసినది అందులోని ప్రశ్న: ఈ కలత శరీరములో పుట్టునదా, సంఘము కల్పించునదా?

ఈ ప్రశ్నకు నడిమి త్రోవ చూపినవాని కథ చెప్పవలెను. 1902లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరములో ఒక బాలుడు జన్మించెను. తల్లి కోపెన్‌హేగెన్‌కు చెందిన యూదు కుటుంబపు స్త్రీ. కన్నతండ్రి ఎవరో బాలునికి ఎన్నడును తెలియలేదు. అతనికి మూడేండ్లు వచ్చినప్పుడు తల్లి హోంబర్గర్ అను పిల్లల వైద్యుని వివాహమాడెను. ఆయనయే నీ తండ్రి యని పిల్లవానికి చెప్పిరి. బాలుడు పొడగరి, నీలి కన్నులవాడు. ప్రార్థనామందిరములో తోడి పిల్లలు నీవు మావాడవు కావనిరి. బడిలో నీవు యూదుడవని వెక్కిరించిరి. చదువు ముగిసిన పిదప అతడు ఏ వృత్తిలోను కుదురుకొనక, బొమ్మలు గీయుచు దేశములు తిరిగెను. 1927లో ఒక మిత్రుడు పిలువగా వియన్నా చేరి, అచ్చట చిన్న పాఠశాలలో ఉపాధ్యాయుడై, ఆనా ఫ్రాయిడ్ కడ మనోవిశ్లేషణము నేర్చెను. 1933లో నాజీలు అధికారమునకు రాగా ఐరోపా విడిచి అమెరికా చేరెను. 1939లో ఆ దేశపు పౌరుడైనప్పుడు తనకు తానే ఎరిక్‌సన్ అను పేరు పెట్టుకొనెను. ఆ మాటకు ఎరిక్ కుమారుడని అర్థము. ఎరిక్ తానే! తండ్రి పేరు తెలియనివాడు తనకు తానే తండ్రియైనాడని చెప్పుకొనవచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఎరిక్‌సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో సైనికుల చికిత్సాలయమున పనిచేసెను. వారిలో కొందరికి మతి చెడలేదు, జ్ఞాపకము పోలేదు. కాని నిన్నటి తానును నేటి తానును ఒక్కడే యను నమ్మకము సడలినది. ఆ స్థితికే 'ఐడెంటిటీ క్రైసిస్' అను పేరు వచ్చెను. పిమ్మట అదే లక్షణమును ఆయన యువకులలో చూచెను. సైనికునికి రోగముగా తోచినది పదునారేండ్లవానికి ఎదుగుదలలో ఒక మెట్టు. 1950లో వెలువడిన 'బాల్యము, సంఘము' అను గ్రంథములో ఆయన మానవ జీవితమును ఎనిమిది దశలుగా విభజించి, ఐదవదానిని కౌమారమున కిచ్చెను. ఐడెంటిటీ యను మాటకు తెలుగులో సరియైన పదము ఇంకను కుదురలేదు. అస్తిత్వమనియు అస్మితయనియు వ్రాయుచున్నారు. "నేనెవరిని" అను ప్రశ్నయే అంతకంటె దగ్గరగా నున్నదని మాకు తోచును.

ఎరిక్‌సన్ ఋణవ్యవహారములనుండి మరియొక మాట తెచ్చెను: మారటోరియం, అనగా గడువు. అప్పు తీర్చుటకు కొంత వ్యవధి ఇచ్చినట్లు, పెద్దవాడగుటకు సంఘము యువకునికి కొంతకాలము గడువీయవలెనని ఆయన భావము. ఆ కాలములో అతడు ఒక పనిని పట్టి విడిచినను, ఒక మతమును నమ్మి కాదన్నను దోషము లేదు. 1966లో జేమ్స్ మార్షియా ఈ భావనను పరీక్షకు నిలిపి యువకులలో నాలుగు స్థితులు గుర్తించెను. వెదకి తెలుసుకొనినవారు, వెదకుచున్నవారు, వెదకనే వెదకనివారు అను మూటితోపాటు, వెదకకయే పెద్దలు చెప్పినది స్వీకరించినవారు నాలుగవ తెగ. మన యిండ్లలో ఈ నాలుగవ తెగయే "బుద్ధిమంతు"లని పేరు మోయును. కుమారుడు ఇంజనీరు కావలెనా వైద్యుడు కావలెనా యను నిర్ణయము అతనికి మీసము రాకముందే జరిగిపోవును. అట్టివారందరును దుఃఖింతురని చెప్పరాదు. పలువురు సుఖముగనే యుందురు. అయితే వారికీయబడని గడువు నలువదవ యేట వడ్డీతో తిరిగి వచ్చుటయు కలదు.

ఎరిక్‌సన్ మన దేశమునకు 1962లో వచ్చెను. అహమ్మదాబాదులో ఒక సదస్సు నడుపుచు, 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మెను గూర్చి విని, గాంధీజీని గూర్చి పరిశోధించి, 1969లో 'గాంధీస్ ట్రూత్' ప్రకటించెను. ఆ గ్రంథమునకు మరుసటి యేడు పులిట్జర్ బహుమానము వచ్చినది. గాంధీజీ కౌమారము ఆయన ఆత్మకథవలన మనకు బాగుగా తెలిసినదే: రహస్యముగా మాంసము తినుట, అన్న కంకణమునుండి బంగారు తునక దొంగిలించుట, తండ్రికి చీటీ వ్రాసి తప్పు ఒప్పుకొనుట, ఆ చీటీ చదివి తండ్రి కన్నీరు కార్చి దానిని చించివేయుట. ఎరిక్‌సన్ ఆ గ్రంథము నడుమ ఆగి, అప్పటికి దివంగతుడైన గాంధీజీనే సంబోధించుచు ఒక లేఖ వ్రాసెను. ఇంటివారిపై ఆయన చూపిన కాఠిన్యమును అందులో నిలదీసెను. భక్తియు విమర్శయు ఒక్క కలమున ఇట్లు కలిసియుండుట అరుదు.

ఇక్కడ ఎరిక్‌సన్‌నే ప్రశ్నింపవలసి యున్నది. ఆయన కౌమార చిత్రములో బాలుడే ప్రమాణమని, బాలిక వెనుక నిలిచినదని 1982లో కేరల్ గిల్లిగన్ విమర్శించెను. ఆ విమర్శను మన దేశపు లెక్కలో పెట్టి చూతము. గాంధీజీకి పదమూడవ యేట వివాహము జరిగెను. కస్తూరిబాకును అదే వయస్సు. 1888లో ఆయన న్యాయవిద్యకై లండను వెళ్లెను. అచ్చటి మూడేండ్లును ఆయనకు గడువు కాలమని అనవచ్చును: నాట్యము నేర్చుట, ఫిడేలు కొనుట, శాకాహార సంఘములో చేరుట, అన్నియు పట్టి చూచి కొన్ని విడిచెను. అదే మూడేండ్లు, చదువు రాని కస్తూరిబా, ఆ సంవత్సరమే పుట్టిన హరిలాల్‌ను ఒడిలో పెట్టుకొని అత్తవారింట నుండెను. భర్త గడువునకు వడ్డీ చెల్లించినది ఆమె.

చట్టము ఆమె తరువాతి తరములకు మెల్లగా త్రోవ తీసినది. 1929 నాటి శారదా చట్టము బాలికల వివాహమునకు పదునాలుగేండ్లు కనీస వయస్సుగా నిర్ణయించెను. స్వాతంత్ర్యానంతరము అది పదునైదయి, 1978లో పదునెనిమిదికి చేరెను. అనగా మన దేశమున బాలికకు కౌమారమును మొదట ఇచ్చినది మనస్తత్వశాస్త్రము కాదు, శాసనము. చట్టము పుస్తకములో నున్నను, అది చేరని యిండ్లు నేటికిని కలవు. ఆ యిండ్లలోని బాలిక పాఠశాలకు పోవుట మానిన దినమే ఆమె కౌమారమునకు చివరి దినము.

కస్తూరిబా పదమూడేండ్లకును పంతొమ్మిదేండ్లకును నడుమ తన్ను గూర్చి ఏమి తలచుకొనెనో, అనుమతి లేనిదే గడప దాటరాదని భర్త శాసించినను దాటి గుడికి పోయిన నాడు ఆమె మనస్సులో ఏమి యుండెనో, ఆమె వ్రాసినది లేదు. మనకు దొరకినదెల్ల ఆ భర్త వ్రాసినదే.